మంచం పక్కనున్నవాళ్లకు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి ఐదు ఉత్తరాలకు జవాబు రాస్తున్నాం. రాసినవాళ్లు పేర్లు వద్దన్నారు కాబట్టి ఊర్లే వేస్తున్నాం.

మా అమ్మకు 71. నలభై ఏండ్లు మగ్గం నేసింది. ఒకటో తేదీన పింఛను ఇచ్చేదానికి వచ్చినప్పుడు వేలిముద్ర పడడంలేదు. రెండు నెలలుగా డబ్బు అందలేదు. ఇంక ఆగిపోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టడంలేదు. (ప్రొద్దుటూరు)

నూలు రాపిడికి వేలికొనల మీద గీతలు అరిగిపోతాయి. బండలు కొట్టినవాళ్లకూ, సున్నం సిమెంటు కలిపినవాళ్లకూ ఇదే ఇబ్బంది. ముందు డబ్బు సంగతి చెబుతాం. ఎన్టీఆర్ భరోసా పింఛను ఒక నెల తీసుకోకపోతే మరుసటి నెల రెండింటిదీ, రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెల మూడింటిదీ కలిపి ఇస్తారు. అంటే నెలకు రూ.4,000 చొప్పున రూ.12,000 రావాలి. వరుసగా మూడో నెల కూడా తప్పితేనే పింఛను ఆపుతారు. మీకిది మూడో నెల. ఒకటో తేదీ దాకా కాచుకోకుండా ఇప్పుడే సచివాలయానికి వెళ్లి వెల్ఫేర్ అసిస్టెంట్‌తో మాట్లాడండి. వేలిముద్ర పడడంలేదని, కనుపాప గానీ ముఖం గానీ వాడమని ముందే చెప్పిపెట్టండి.

ఆరోజు చేయాల్సింది ఇది. నాలుగైదు రోజుల ముందు నుంచి రాత్రిపూట చేతులకు కొబ్బరినూనె రాయండి. ఆ పొద్దున మాత్రం రాయొద్దు, యంత్రం అద్దానికి జిడ్డు అంటుకుని ఉన్న గీత కూడా కనిపించదు. గోరువెచ్చని నీళ్లతో చేతులు కడిగి తుడవండి. మరీ పొడిగా ఉన్న వేలు కూడా పడదు, అప్పుడు తడిబట్టతో ఒకసారి అద్దితే చాలు. వేలి కొన కాకుండా మెత్తటి భాగం మొత్తం ఆనించాలి, గట్టిగా నొక్కకూడదు. బొటనవేలే పెట్టాలని ఏమీలేదు. మగ్గం పనిలో తక్కువ అరిగే వేలు ఏదో ఒకటి ఉంటుంది, పదివేళ్లూ చూడండి. ముఖం పట్టించేటప్పుడు అమ్మను వాకిలి వైపు తిప్పి కూర్చోబెట్టండి. వాకిలి ఆమె వెనక ఉంటే ముఖం నల్లగా పడి యంత్రం గుర్తించదు.

ఇవన్నీ ఈ నెల గడవడానికే. ఆధార్‌లో ఉన్నవి ఎన్నో ఏండ్ల కిందటి ముద్రలైతే, ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు, కనుపాప, ఫొటో కొత్తగా ఇప్పించండి. ఇది చేయకపోతే బ్యాంకులోనూ రేషన్ దగ్గరా ఇదే గొడవ మళ్లీ వస్తుంది.

మా నాయనకు పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది. ఎయిర్ బెడ్ కొన్నాం. అయినా నడుము కింద పుండు పడింది. పౌడర్ వేస్తున్నాం, దినామూ స్పిరిట్‌తో రుద్దుతున్నాం. ఎక్కడ తప్పు చేస్తున్నాం? (అనంతపురం)

పౌడర్, స్పిరిట్ ఈరోజే ఆపండి. స్పిరిట్ చర్మాన్ని ఎండబెట్టి పగలగొడుతుంది. పౌడర్ చెమటతో కలిసి ముద్దై ఒరుసుకుంటుంది. ఎర్రబడిన చోట రుద్దితే లోపల నలిగిపోయిన కండ ఇంకా నలుగుతుంది. మంచి మనసుతో చాలా ఇళ్లలో చేసే పొరపాటే ఇది.

ఎయిర్ బెడ్ గురించి దుకాణంలో చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. దానిమీద బొంత గానీ రెండు మూడు దుప్పట్లు గానీ వేస్తే, కింద గాలి అరలు పొంగి తగ్గడం ఒంటికి అందనే అందదు. ఒక్క పలుచటి నూలు దుప్పటి చాలు, అదీ బిగదీసి చెక్కకూడదు, వదులుగా ఉండాలి. తడుస్తుందని మధ్యలో రెగ్జిన్ వేస్తారు, దాంతో చెమట నిలిచి చర్మం నానుతుంది. పంపు మీది మీట మనిషి బరువును బట్టి తిప్పాలి. ఎక్కువకు పెడితే పరుపు బండలా గట్టిబడుతుంది, తక్కువైతే ఎముక పోయి కిందకి తగులుతుంది. సరిచూసుకోవడానికి ఒక ఉపాయం: నాయన పడుకుని ఉండగానే, సరిగ్గా నడుము కింద, ఎయిర్ బెడ్‌కూ కింది పరుపుకూ మధ్య అరచెయ్యి వెల్లకిలా దూర్చండి. ఒంటి బరువు చేతికి నేరుగా తగలకుండా దాదాపు అంగుళం మందాన గాలి ఉండాలి. గొట్టాలు మంచానికీ గోడకూ మధ్య నలిగిపోయాయేమో చూడండి. కరెంటు పోతే గాలి మెల్లగా దిగిపోతుంది. ఎండాకాలం కోతలప్పుడు ఇది బాగా గుర్తుండాలి.

అన్నిటికంటే పెద్ద తప్పు, ఎయిర్ బెడ్ ఉంది కదా అని ఒత్తిగించడం మానేయడం. పరుపు ఏదైనా రెండు గంటలకోసారి పక్క మార్చాల్సిందే. పూర్తిగా పక్కకు తిప్పితే తుంటి ఎముక మీద బరువు పడి అక్కడ కొత్త పుండు లేస్తుంది. వీపు వెనక దిండు పెట్టి కొంచెమే, ఒక 30 డిగ్రీలు వాలేలా పడుకోబెట్టండి. ఎడమ, వెల్లకిల, కుడి అని టైము రాసిన కాగితం గోడకు అంటించండి. ఇప్పుడు పుండు నడుము కిందే ఉంది కాబట్టి, మానేదాకా వెల్లకిల వంతు తీసేయండి. మడమలకు పిక్కల కింద దిండు పెట్టి, మడమ గాల్లో తేలేట్టు చూడండి. మధ్యలో ఖాళీ ఉన్న రబ్బరు చక్రం మాత్రం కొనొద్దు, అది చుట్టూ రక్తం ఆపి పుండును పెంచుతుంది.

మనిషిని పైకి జరపాలంటే చంకల్లో చేతులేసి లాగొద్దు. చర్మం పరుపుకు అతుక్కునే ఉండి, లోపలి ఎముక జరుగుతుంది, మధ్యలో కండ చీలుతుంది. పాత నేత పంచెను రెండు మడతలు పెట్టి భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచండి. ఇద్దరు రెండు వైపులా పట్టుకుని ఎత్తి జరపాలి. తినిపించేటప్పుడు నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచి, ఆ తర్వాత తల వైపు దించండి. రోజంతా ఎత్తుగా ఉంచితే మనిషి కిందకి జారుతూ ఉంటాడు, ఆ జారుడుకే నడుము కింద పుండు పడుతుంది.

పుండు కడగడానికి మందుల షాపులో ఎన్ఎస్ అని అడిగితే నార్మల్ సెలైన్ సీసా ఇస్తారు. దాంతో కడిగి, డాక్టరు రాసిన డ్రెస్సింగే వేయండి. పసుపు, వేపాకు ముద్ద పుండు లోపల పెట్టొద్దు. పుండు మానాలంటే లోపల నుంచి కండ పుట్టాలి, దానికి మాంసకృత్తులు కావాలి. ఒట్టి రాగి జావతో అది జరగదు. మూత్రపిండాల జబ్బు లేకపోతే రోజూ గుడ్లు, గట్టి పప్పు, పెరుగు పడాలి. షుగర్ ఉంటే అది అదుపులో లేనంతకాలం ఏ మందూ పనిచేయదు. దుర్వాసన, నల్లటి పొర, చుట్టూ వేడి, జ్వరం, ఎముక కనిపించడం, వీటిలో ఏ ఒక్కటున్నా ఇంట్లో ఉంచకుండా సర్వజన ఆసుపత్రి సర్జరీ విభాగానికి తీసుకెళ్లండి. కదల్లేని మనిషికి 108 పిలవడానికి మొహమాటం అక్కర్లేదు.

పింఛను గురించి మీరు అడగలేదు గానీ చెప్పాలి. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి నెలకు రూ.15,000 కేటగిరీ ఉంది. దానికి వైద్యుల ధ్రువీకరణ కావాలి. కొత్త దరఖాస్తులు అన్ని రోజులూ తీసుకోరు. అందుకే సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇచ్చే శిబిరం) స్లాట్ ఇప్పుడే అడిగి, సర్టిఫికెట్ చేతిలో పెట్టుకుని ఉండండి. ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, స్కాన్ రిపోర్టు సదరం రోజున తప్పకుండా వెంట ఉండాలి.

మా జేజికి 74. తెల్లకార్డు లేదు, నాన్నకు ఉద్యోగం ఉంది. 70 దాటినవాళ్లకు ఆసుపత్రి కార్డు ఇస్తారంట, నిజమేనా? (కడప)

నిజమే. ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. ఆదాయంతో, రేషన్ కార్డుతో పనిలేదు. ఆధార్‌లో వయసు 70 నిండి ఉంటే చాలు. ఏడాదికి రూ.5 లక్షల దాకా, పథకంలో ఉన్న ఆసుపత్రుల్లో చేరి చేయించుకునే వైద్యానికి వర్తిస్తుంది. ఇంట్లో 70 దాటినవాళ్లు ఇద్దరుంటే ఆ 5 లక్షలూ ఇద్దరికీ కలిపే. ఓపీ చీటీకి, నెలనెలా వాడే బీపీ మాత్రలకు ఇది రాదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల వైద్య పథకం సీజీహెచ్ఎస్ వంటివి ఉన్నవాళ్లు రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఆయుష్మాన్ యాప్‌లో మీరే చేయొచ్చు. జేజి ఆధార్‌కు ఏ ఫోన్ నంబరు కలిపి ఉందో ముందు చూసుకోండి, ఎప్పుడో పోయిన సిమ్‌కు ఓటీపీ వెళ్లడమే ఎక్కువచోట్ల వచ్చే చిక్కు. ఒంట్లో బాగున్నప్పుడే చేయించండి.

నేను 68 ఏండ్ల దాన్ని. ఉన్న ఒక్క ఇల్లూ 2019లో నా కొడుక్కి గిఫ్ట్ డీడ్ రాసిచ్చినా. ఇప్పుడు అన్నం పెట్టడు, గది ఖాళీ చేయమంటాడు. లాయరుకు ఇచ్చేదానికి నా దగ్గర దుడ్లు లేవు. (ఆదోని)

అమ్మా, ముందు ఇల్లు వదలొద్దు. ఏ కాగితం మీదా సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. తోసేస్తే, కొడితే 112కి ఫోన్ చేయండి.

మీకు 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఉంది. దీనికి కోర్టుకు పోనక్కర్లేదు. ఆదోని ఆర్డీఓ దగ్గర ట్రిబ్యునల్ ఉంటుంది. తెల్లకాగితం మీద దరఖాస్తు రాసి ఇవ్వొచ్చు, లాయరు అవసరం లేదు. మీరు పోలేకపోతే మీరు నమ్మి పంపినవాళ్లు ఇవ్వొచ్చు. అందులో రెండు విషయాలు విడివిడిగా అడగండి.

మొదటిది పోషణ ఖర్చు. ఆస్తి ఎవరి పేరున్నా ఇది మీ హక్కు. చట్టం ప్రకారం నెలకు రూ.10,000 దాకా వేయొచ్చు. తిండికి, మందులకు, బాడుగకు నెలకెంత అవుతుందో పద్దు రాసి జతచేయండి. మిగతా బిడ్డలుంటే అందరి పేర్లూ రాయండి, లేకపోతే కొడుకు "అక్కను ఎందుకు అడగలేదు" అని వాయిదాలు పెంచుతాడు. కేసు 90 రోజుల్లో తేల్చాలి, మహా అయితే ఇంకో 30 రోజులు. తీర్పు మీకు అనుకూలంగా లేకపోతే 60 రోజుల్లోపు కలెక్టర్ దగ్గరి అప్పీలు ట్రిబ్యునల్‌కు పోవచ్చు. తీర్పు వచ్చాక అతను ఒక నెల డబ్బు ఇవ్వకపోతే, ఇవ్వాల్సిన తేదీ నుంచి మూడు నెలల్లోపే మళ్లీ కాగితం పెట్టాలి. కొడుకే కదా, ఇస్తాడులే అని ఆర్నెల్లు ఊరుకుంటే ఆ పాత బాకీకి వారంటు రాదు. మెత్తటి మనసున్న తల్లులు నష్టపోయేది ఇక్కడే.

రెండోది ఇల్లు వెనక్కి. 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటాననే షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ డీడ్‌ను రద్దు చేయొచ్చు. షరతు ఉన్నట్టు చూపాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. 2025 జనవరిలో ఇచ్చిన ఇంకో తీర్పులో, ఈ చట్టాన్ని వృద్ధులకు మేలు చేసేలా అర్థం చేసుకోవాలనీ, ఇల్లు స్వాధీనం చేయమని కూడా ట్రిబ్యునల్ ఆదేశించొచ్చనీ చెప్పింది. కాబట్టి రిజిస్ట్రార్ ఆఫీసులో డీడ్ నకలు తీసి ప్రతి వాక్యం చదివించండి. "జీవితాంతం పోషించే షరతుపై" లాంటి మాట ఉంటే మీ పని సగం అయినట్టే. లేకపోతే, అదే రోజుల్లో అతను రాసిచ్చిన వేరే ఒప్పంద పత్రం, ప్రామిసరీ నోటు ఏదైనా ఉందేమో పెట్టెలో వెతకండి. ఏ రాతా దొరకకపోతే ఇంటి విషయం సివిల్ కోర్టుకు పోవాల్సి రావొచ్చు, పోషణ దరఖాస్తు మాత్రం ఆపొద్దు. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసాయం ఉంది, 15100కి ఫోన్ చేయండి. ఆర్డీఓ ఆఫీసులో ఎలా మాట్లాడాలో తెలియకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567 పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది.

ఇంకా రాసివ్వనివాళ్లకు మా మాట: బతికుండగా గిఫ్ట్ డీడ్ కంటే వీలునామా మేలు. రాసే తీరాలంటే అన్నం, వసతి, వైద్యం జీవితాంతం చూడాలనీ, తప్పితే డీడ్ రద్దనీ అందులోనే రాయించండి. నోటిమాట పనికిరాదు.

మా అత్తకు 81. మామ రైల్వేలో చేసినారు, ఆమెకు ఫ్యామిలీ పింఛను వస్తుంది. రెండేండ్లుగా మతిమరుపు. సాయంత్రమైతే "మా ఊరికి పోవాల" అని బయటికి నడుస్తుంది. నాలుగు దినాల నుంచి మరీ ఎక్కువైంది, మమ్మల్నే గుర్తుపట్టడంలేదు. నాకు రాత్రుళ్లు నిద్ర లేక ఏడుపొస్తోంది. (గుంతకల్లు)

మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా పెరుగుతుంది. నాలుగు రోజుల్లో ఇంత మారిందంటే వేరే కారణం ఉండి ఉంటుంది. మూత్రంలో ఇన్ఫెక్షన్, మలబద్ధకం, ఒంట్లో సోడియం తగ్గడం, జలుబుకో నిద్రకో కొత్తగా వేసిన మాత్ర, పడిపోయి తలకు తగిలిన దెబ్బ, వీటినే ముందు చూస్తారు. ఈరోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి, వాడుతున్న మాత్రలన్నీ సంచిలో వేసుకుని పొండి.

సాయంత్రం గొడవకు: చీకటి పడకముందే అన్ని లైట్లూ వేయండి. మధ్యాహ్నం కునుకు అరగంటకు మించనివ్వొద్దు, మూడు దాటాక టీ వద్దు. "ఇదే మీ ఇల్లు" అని వాదిస్తే ఇంకా ఆందోళన పడుతుంది. ఆ ఊర్లో ఎవరున్నారు, చేను ఎక్కడుంది అని అడుగుతూ వీధిలో ఒక చుట్టు తిప్పి తీసుకురండి. తలుపుకు రెండో గడియ బాగా పైన గానీ బాగా కింద గానీ పెట్టించండి, కానీ ఆమెను ఒంటరిగా లోపల పెట్టి ఎప్పుడూ పోవద్దు. మీ ఫోన్ నంబరు రాసిన గుడ్డముక్క జాకెట్టు లోపల కుట్టండి. రోజూ పొద్దున ఆరోజు చీరతో ఒక ఫొటో తీసుకోండి. కనిపించకపోతే మీ ఊర్లో ముందు రైలు పట్టాలు, స్టేషను, బస్టాండు చూడాలి. వెతుకుతూనే 112కి, రైల్వే 139కి చెప్పండి.

పింఛను ఆగకుండా ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌కు 80 దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. మీ ఫోన్‌లోనే జీవన్ ప్రమాణ్, ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్‌లు వేసుకుని ముఖంతో చేయొచ్చు. ముందు మీ ముఖం, తర్వాత ఆమెది పట్టించాలి. కళ్లు ఆర్పాలి కాబట్టి ఆమె నెమ్మదిగా ఉండే పొద్దుటి పూట చేయండి. పింఛను రకం దగ్గర "ఫ్యామిలీ" ఎంచుకోవాలి, "సర్వీస్" అని నొక్కితే తిరస్కరిస్తారు.

మీ నిద్ర సంగతి చిన్నది కాదు. ఇంట్లోవాళ్లను "కాస్త సాయం చేయండి" అంటే ఎవరూ కదలరు. వారంలో రెండు రాత్రులు ఆమె గదిలో మీ ఆయన పడుకోవాలి, ఆదివారం మధ్యాహ్నం ఆడబిడ్డ వచ్చి ఉండాలి అని రోజు, గంట చెప్పి అడగండి. ఏడుపు ఆగనప్పుడు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416 టెలీమానస్‌కు ఫోన్ చేయండి, పగలూ రాత్రీ తెలుగులోనే మాట్లాడతారు. ఆ నంబరు అత్త కోసమే అనుకోవద్దు, మీకూ వర్తిస్తుంది.