ఆట కోసం అంత దూరమా?

ప్రశ్న: ఏడాదిగా ఫోన్‌లో గో (గీతలు కలిసేచోట నల్ల, తెల్ల రాళ్ళు పెట్టి ఆడే ఆట) ఆడుతున్నాను. ఇప్పుడు నా స్థాయి 12 క్యూ, అంటే ఇంకా నేర్చుకునే దశే. దాచుకున్న జీతంతో రెండు వారాలు టోక్యో వెళ్ళి నేర్చుకోవాలని ఉంది. జపనీస్ రాదు. ఎదురుగా మనిషితో ఎప్పుడూ ఆడలేదు, అదే టెన్షన్. ఆట కోసం అంత దూరమా అంటోంది అమ్మ. వెళ్ళవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుచానూరు

జవాబు: వెళ్ళండమ్మా. నేను వెళ్ళినప్పుడు నాకు 51 ఏళ్ళు, మీకు వచ్చినంత ఆట కూడా రాదు.

మా చంద్రగిరిలో అరుగు మీద బొగ్గుతో గీసుకుని పులి మేక ఆడేవాళ్ళం. మేకలతో చుట్టుముట్టి పులికి దారి లేకుండా చేయడం తెలిసినవాళ్ళకు గో పూర్తిగా పరాయి ఆట కాదు. రాయి చుట్టూ ఖాళీ మూసుకుపోతే దాన్ని తీసేస్తారు. కాకపోతే గోలో పెట్టిన రాయి కదలదు. పట్టుకోవడం కంటే చోటు కలుపుకోవడమే ముఖ్యం.

భాష గురించి భయం వద్దు. అక్కడ గో ఆడుకునే చిన్న క్లబ్బులను ‘గో కైషో’ అంటారు. గుమ్మం దగ్గర డబ్బు కట్టి మీ స్థాయి చెబితే వాళ్ళే జోడీ చూస్తారు. ఎదుటివారు గట్టివారైతే మిమ్మల్ని 9 రాళ్ళ దాకా ముందే పెట్టుకోమంటారు. పెట్టుకోండి. నేను అవమానమనుకుని వద్దన్నాను, మూడు ఆటలూ పోయాయి. మొదలుపెట్టేటప్పుడు ‘ఒనెగైషిమాసు’, ముగిశాక ‘అరిగతో గొజైమషిత’ అనడం మాత్రం నేర్చుకోండి.

నేను అసలు నేర్చుకున్నది ఆట అయిపోయాకే. నన్ను ఓడించిన పెద్దాయన రాళ్ళు గిన్నెలో పోసేయకుండా, ఒక్కొక్కటే వెనక్కి తీస్తూ ఒకచోట ఆగాడు. నా నల్లరాయి మీద వేలు పెట్టి తల అడ్డంగా ఊపాడు. దాన్ని ఒక గీత పక్కకు జరిపి చూపించాడు. మాట ఒక్కటీ లేదు, నాకు అంతా అర్థమైంది. ఓడిపోయామని లేచి వచ్చేస్తే ఇది దొరకదు. అందుకే వెళ్ళేలోపు, ఆడిన ఆటలో మొదటి 40 ఎత్తులైనా గుర్తుంచుకుని మళ్ళీ పేర్చడం అలవాటు చేసుకోండి.

వీసా పని ముందే చూసుకోండి. టోక్యోలోని ఇచిగాయాలో 1924లో స్థాపించిన జపాన్ గో సంఘం ‘నిహోన్ కీఇన్’ ఉంది, ఒకరోజు అక్కడికి వెళ్ళిరండి. మిగతా రోజులు ఒకే కైషోకు వెళ్ళండి, రోజుకో చోటు మార్చకండి. ముఖాలు అలవాటైతేనే మనకు ఓపికగా చూపిస్తారు.

ఎదురుగా మనిషితో ఆడలేదన్నారు కదా. అట్ట మీద 9 నిలువు గీతలు, 9 అడ్డ గీతలు గీయండి. చింతగింజలు, తెల్ల గులకరాళ్ళు తెచ్చుకోండి. ఈ ఆదివారం అమ్మగారిని ఎదురుగా కూర్చోబెట్టండి. చింతగింజలు ఆమెకివ్వండి. అవే నల్లరాళ్ళు; నల్లరాళ్ళు ఉన్నవాళ్ళదే మొదటి ఎత్తు.