పాల కేంద్రం లెక్కలే నా పోర్ట్‌ఫోలియో

సీఎస్‌ఈ రెండో ఏడు చదువుతున్నారు, పట్టా చేతికొచ్చేలోపు కోడింగ్ మీద పట్టు ఎలా వస్తుంది, పోర్ట్‌ఫోలియోలో ఏం పెట్టాలి, 4 జీబీ ల్యాప్‌టాప్ సరిపోతుందా అని అడిగారు. ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

మూడో ఏడులో మినీ ప్రాజెక్టుని మేం నలుగురం కలిసి అమీర్‌పేటలో కొన్నాం. కోడు, బైండింగ్ చేసిన రిపోర్టు, వైవా ప్రశ్నలకు జవాబులు, అన్నీ వాళ్లే ఇచ్చారు. కాలేజీలో మార్కులు బాగానే పడ్డాయి. తర్వాత ఒక ఇంటర్వ్యూలో "ఈ టేబుల్‌కి ప్రైమరీ కీ ఇదే ఎందుకు పెట్టావు?" అన్నారు. ప్రైమరీ కీ అంటే టేబుల్లో ఒక్కో వరసనీ విడిగా గుర్తుపట్టే అంశం. పెట్టింది నేనైతే కదా!

ఆ సంక్రాంతికి ఊరెళ్తే మా బాబాయి పాల కేంద్రం పుస్తకాలు ముందేసుకుని కూర్చున్నాడు. అరవై మంది, రెండు పూటలు, లీటర్లు, వెన్న శాతాన్ని బట్టి రేటు, పదిహేను రోజులకోసారి బిల్లు. పైథాన్‌లో రాసిస్తానన్నాను. రెండు రోజుల పనే అనుకున్నా, రెండు నెలలు పట్టింది.

మొదటి బిల్లుకే గొడవ. వరసలన్నీ కూడితే ఒకటి వస్తోంది, కింద మొత్తం ఇంకొకటి. ప్రతి వరసనీ దగ్గరి పైసకు సవరించి (రౌండ్ చేసి) చూపిస్తూ, మొత్తాన్ని మాత్రం సవరించని అంకెలతో వేస్తున్నాను. దశాంశాలు కంప్యూటర్‌లో చాలాసార్లు కచ్చితంగా ఇమడవు కాబట్టి, 0.1కి 0.2 కలిపితే పైథాన్ 0.30000000000000004 అంటుందని కూడా అప్పుడే కళ్లారా చూశాను. చివరికి ప్రతి వరసనీ ఒక్కసారే సవరించి, డబ్బంతా పైసల్లో పూర్ణాంకాలుగా దాచాను. తర్వాత పేర్ల గోల. "కృష్ణ" మన కంటికి రెండక్షరాలు, గుణింతం గుర్తునీ, వత్తు గుర్తునీ విడిగా లెక్కేసే పైథాన్‌కి అయిదు. బిల్లులో నిలువు వరసలన్నీ వంకర. హెచ్‌టీఎంఎల్ టేబుల్‌గా మార్చి ప్రింట్ తీస్తే తీరింది.

బాగా పనిచేస్తున్న ఫైల్ మీదే తిరగరాసి పాడుచేసుకున్నాక గిట్ (కోడు పాత రూపాలన్నీ దాచిపెట్టే సాధనం) నేర్చుకున్నాను. అందరూ అలాగే నేర్చుకుంటారేమో. అసలు పేర్లు, డబ్బు వివరాలు తీసేసి కోడుని అందరూ చూడగలిగే గిట్‌హబ్ సైట్లో పెట్టాను. కోడు గురించి వివరించే రీడ్‌మీ ఫైల్లో సమస్య ఏంటో, ఎక్కడ తప్పు చేశానో రాశాను.

తర్వాతి ఇంటర్వ్యూలో అరగంట దాని మీదే నడిచింది. "బిల్లు మధ్యలో కరెంటు పోతే?" అన్నారు. మా ఊళ్లో పోతూనే ఉంటుంది కాబట్టి ఎస్‌క్యూలైట్ (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) ట్రాన్సాక్షన్ సంగతి చెప్పగలిగాను: రాస్తే బిల్లంతా నమోదవుతుంది, లేదంటే అసలేం కాదు. వీడియో చూసి కట్టిన నెట్‌ఫ్లిక్స్ నకలు గురించి ఎవరూ ఇలా అడగరు, అడిగినా మన దగ్గర జవాబుండదు.

అలాగని కోడింగ్ లెక్కలు సాధన చేసే లీట్‌కోడ్ సైట్‌ని వదిలేయకండి. మొదటి రౌండు ఆన్‌లైన్ పరీక్షే అయితే ప్రాజెక్టు చూసేదాకా కూడా రారు. ఎర్రేలు, స్ట్రింగులు, హ్యాషింగ్, రికర్షన్, ట్రీలు రోజుకో గంట చేసేవాణ్ని. జవాబు చూసేసిన లెక్కని వారం తర్వాత చూడకుండా మళ్లీ రాసేవాణ్ని.

ల్యాప్‌టాప్ సంగతి: నాదీ 4 జీబీయే, అదీ సెకండ్ హ్యాండ్. పైథాన్, ఎస్‌క్యూలైట్, గిట్‌కి ధారాళంగా సరిపోతుంది. ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో మాత్రం దాని మీద తెరవకండి, టీ తాగొచ్చినా తెరుచుకోదు.