ఆత్మీయ ఆహారమా, ఆత్మసంబంధమైన ఆహారమా?

సందేహం: మధ్యయుగపు ఐరోపా శిల్పాలపై వచ్చిన ఒక తెలుగు వ్యాసంలో ‘ఆత్మీయ ఆహారం’ అన్న మాట కనిపించింది. క్రైస్తవ ప్రసంగాలలోనూ దీన్ని తరచుగా వింటుంటాను. ఆత్మీయులంటే మనకు కావలసినవారు కదా! ఆహారానికి ఆ విశేషణం తప్పు కాదా? ‘ఆధ్యాత్మిక ఆహారం’ అనాలేమో తెలుపగలరు.

సమాధానం: తప్పని అనలేము కాని, అందరూ చదివే వ్యాసంలో అది అర్థాన్ని సూటిగా అందించే మాట కాదు. సంస్కృతంలో ‘ఆత్మ’ శబ్దానికి ‘తాను’ అనే అర్థమూ, జీవాత్మ పరమాత్మ అన్నప్పుడు మనం గ్రహించే అర్థమూ రెండూ ఉన్నాయి. దానిపై ‘ఈయ’ ప్రత్యయం చేరగా ఏర్పడిన ‘ఆత్మీయ’ మొదటి అర్థాన్నే పట్టుకొని ‘తనది, తనవాడు’ అని లోకంలో స్థిరపడింది. తెలుగు క్రైస్తవులు ‘పరిశుద్ధాత్మ’లోని ఆత్మను మనసులో ఉంచుకొని దానినే ‘ఆత్మకు చెందినది’ అనే అర్థంలో వాడుతున్నారు. వ్యుత్పత్తి ఇందుకు అడ్డు రాదు. వారిలో వారికి సందిగ్ధతా లేదు. ఆ వాడుక తెలియనివారికే మీకు కలిగిన సందేహం కలుగుతుంది.

ఇక ‘ఆధ్యాత్మిక’ అనగానే మన చెవికి స్ఫురించేది తన లోపలికి తాను చూసుకొనే సాధన. తొలినాటి క్రైస్తవులు చెప్పిన ఆహారం లోపల పుట్టేది కాదు, ఒకరు పెట్టగా తినేది. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన మన్నా అనే ఆహారాన్ని తలచుకొంటూ తొలినాటి క్రైస్తవ బోధకుడు పౌలు కొరింథు పట్టణపు క్రైస్తవులకు లేఖలో రాసిన మాట తెలుగు బైబిలులో ‘అందరు ఆత్మసంబంధమైన ఒకే ఆహారమును భుజించిరి’ అని ఉంది. గ్రీకు మూలంలోని ‘న్యుమాటికాన్’ అనే విశేషణం ఊపిరినీ ఆత్మనూ తెలిపే ‘న్యూమా’ నుంచి వచ్చింది. అదే లేఖలో ‘ఆత్మసంబంధులు’ అన్న మాటకు ఎదురుగా ‘శరీరసంబంధులు’ అన్న మాట నిలుస్తుంది. ‘ఆత్మీయులు’ అని ఉంటే ఈ జంట కుదిరేది కాదు. అనువాదకుల ఎంపికలోని ఈ జాగ్రత్త నాకెంతో నచ్చుతుంది.

వారి చేయి తిరిగినతనం ఇంకొక చోట మరింత స్పష్టంగా తెలుస్తుంది. ‘పాలతోనే మిమ్మును పెంచితిని గాని అన్నముతో మిమ్మును పెంచలేదు’ అన్న వాక్యంలో గ్రీకు మాటకు అర్థం ‘తినే పదార్థం’ అనే. ‘అన్నము’ కూడా ధాతువును బట్టి ‘తినబడేది’ అయినా, తెలుగు చదువరికి మాత్రం పాలు మానిపించి అన్నప్రాశన చేసే దృశ్యమే కళ్ల ముందు కదులుతుంది. పౌలు చెప్పదలచినదీ ఆ ఎదుగుదల గురించే. క్రీ.శ. 200 ప్రాంతంలో అలెగ్జాండ్రియాకు చెందిన క్రైస్తవ గురువు క్లెమెంటు ఈ పాల మాటనే పట్టుకొని, దైవవాక్కే పసిబిడ్డకు తండ్రి, తల్లి, గురువు, పెంచే దాది అని విస్తరించాడు. ఆ తరువాతి కాలపు క్రైస్తవ వేదాంతి అగస్టీను ఇంకా లోతుకు పోయాడు: మామూలు తిండి తిన్నవాడి ఒంటిలో కలిసి అతనిగా మారుతుంది, ఈ ఆహారం మాత్రం తిన్నవాడినే తనలోకి మార్చుకొంటుంది. ఇంత గట్టి భావాన్ని ‘ఆత్మీయ’ అనే మెత్తని మాట మోయలేదని నా అభిప్రాయం.

మీరు చదివిన వ్యాసం శిల్పాల గురించినది కనుక ఒక శిల్పాన్నే చూద్దాము. ఫ్రాన్సులోని బుర్గుండి ప్రాంతంలో, వెజెలే పట్టణపు మగ్దలేనా మరియ ఆలయంలో, 12వ శతాబ్దానికి చెందిన ఒక స్తంభశీర్షం మీద పిండిమర చెక్కి ఉంది. ఒకవైపు ఒకడు వంగి మరలో గింజలు పోస్తున్నాడు. మరొకవైపు ఇంకొకడు కింద సంచి పట్టి పిండిని అందుకొంటున్నాడు. పోసేవాడు ఇశ్రాయేలీయులకు ధర్మశాస్త్రాన్ని అందించిన మోషే అనీ, పట్టేవాడు పౌలు అనీ, నడుమ మర క్రీస్తు అనీ పండితులు వివరిస్తారు. పాత ధర్మశాస్త్రం గింజ, సువార్త పిండి. గింజను అలాగే మింగలేము, విసరాలి. పిండి ఇంకా రొట్టె కావాలి. చదువురాని రైతు అయినా ఆ స్తంభం కింద నిలబడి తనకు తెలిసిన పనిని అందులో గుర్తుపట్టగలడు.

అందుచేత ఇటువంటి శిల్పాన్ని వర్ణించేటప్పుడు మొదటిసారి ‘ఆత్మసంబంధమైన ఆహారం’ అని రాసి, ఆపైన గింజ, పిండి, పాలు, రొట్టె అని రాతిలో కనిపించే వస్తువు పేరుతోనే సాగించడం మేలు. క్రైస్తవుల ప్రసంగాన్ని ఉదాహరించవలసి వచ్చినప్పుడు మాత్రం వారి ‘ఆత్మీయ ఆహారం’ను దిద్దకుండా ఉన్నదున్నట్లే ఉంచండి.