పిల్లాడికి వాడి జబ్బు పేరు చెప్పాలా, దాచాలా?

"తొమ్మిది పదేళ్ల పిల్లాడికి పెద్ద జబ్బొస్తే వాడికి చెప్పాలా, తల్లిదండ్రులు వద్దంటే డాక్టరు దాచొచ్చా" అని కదా అడిగారు. దాచకూడదు. దాస్తే దాగుతుందనుకునేవాళ్లు పిల్లల వార్డులో ఒక్క పూట కూడా కూర్చుని ఉండరు.

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లప్పుడు లుకేమియా, అంటే బ్లడ్ క్యాన్సర్ వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా కనిపించే రకమే, ట్రీట్‌మెంట్ రెండు మూడేళ్లు సాగుతుంది గానీ సరిగ్గా చేయిస్తే చాలామందికి నయమవుతుంది. అయినా అక్కా బావా వాడికి "రక్తం తక్కువైందిరా" అని చెప్పి, వాడి ముందు ఆ పేరెత్తొద్దని డాక్టర్లని కూడా బతిమాలారు. వాళ్లూ సరేనన్నారు. అన్నవాళ్లే రోజూ రౌండ్స్‌లో వాడి మంచం పక్కన నిలబడి ఇంగ్లిష్‌లో అన్నీ మాట్లాడేసుకునేవాళ్లు, అక్కడ పడుకున్నవాడికి చెవులు లేనట్టు!

ఒకరోజు వెన్నులో సూది వేయడానికి వచ్చిన పీజీ డాక్టర్ని వాడే అడిగేశాడు, "అంకుల్, నాది క్యాన్సరే కదా?" అని. వెనకాల అక్క వద్దు వద్దని చేతులూపుతోంది. ఆయన స్టూల్ లాక్కుని కూర్చుని "నీకలా ఎందుకనిపించింది నాన్నా" అన్నాడు. "పక్క బెడ్ అన్నయ్యకి ఎక్కించే పసుపు రంగు మందే నాకూ ఎక్కిస్తున్నారు, అన్నయ్యకి క్యాన్సరంట. అమ్మనడిగితే ఏడుస్తుందని అడగలేదు" అన్నాడు వీడు. డాక్టరు అక్క వైపు తిరిగి "మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాడు. అక్కకి నోరు పెగల్లేదు, ఆయనే చెప్పాడు. అంతా విని వాడు అడిగిన మొదటి మాట, "మరి చెల్లికి అంటుకుంటుందా?" అని. ఇన్నాళ్లూ ఆ భయం మనసులో పెట్టుకుని చెల్లిని దగ్గరికి రానివ్వలేదన్నమాట వాడు.

పిల్లలకి తెలీదులే అనే జబ్బు పెద్దలకి ఎప్పట్నుంచో ఉంది. పసిపిల్లలకి నొప్పి సరిగ్గా తెలీదని నమ్మి 1980ల దాకా చాలా చోట్ల పేరుకి మత్తిచ్చి ఆపరేషన్లు చేసేసేవాళ్లు. 1987లో కన్వల్‌జీత్ ఆనంద్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్లూ, నెలలు నిండని పిల్లలకి ఆపరేషన్‌లో గట్టి నొప్పి మందు ఇస్తే తర్వాత కాంప్లికేషన్లు తగ్గుతాయని లాన్సెట్ అనే వైద్య పత్రికలో చూపించాక గానీ కళ్లు తెరుచుకోలేదు. ఇప్పటికీ "చీమ కుట్టినట్టుంటుంది" అని అబద్ధమాడి సూది గుచ్చేవాళ్లే ఎక్కువ, చర్మం మొద్దుబారే క్రీము గంట ముందు రాయడానికి మాత్రం ఎవరికీ తీరికుండదు. రెండోసారి ఆ పిల్లాడు ఎవర్ని నమ్ముతాడు చెప్పండి?

1989 ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒప్పందం 12వ ఆర్టికల్‌లోనే ఉంది, తనకి సంబంధించిన విషయంలో పిల్లాడి మాట వినాలి, వయసుకీ తెలివికీ తగ్గ విలువివ్వాలి అని. అంటే కీమో (క్యాన్సర్‌కి ఎక్కించే మందులు) వద్దని వాడు ఏడిస్తే మానేయమని కాదు. సంతకం అమ్మానాన్నలదే. తప్పని దానికి "చేయించుకుంటావా" అని అడగడం కూడా మోసమే, దాని బదులు ఏ చేతికి గుచ్చాలి, పక్కన ఎవరుండాలి అని అడగొచ్చుగా. ఆ సంతకం సంగతి ఇంకో ఘోరం, ఆపరేషన్ థియేటర్ గుమ్మంలో ఫారం చేతిలో పెట్టి తొందరపెడితే ఏ తల్లి చదువుతుంది, ఏం అర్థమవుతుంది.

ఇంక ఆ చెల్లి. అన్నయ్య ఎందుకు ఇంటికి రావట్లేదో, అమ్మ ఎందుకు ఏడుస్తోందో దానికి ఒక్కరూ చెప్పలేదు, తను కొట్టడం వల్లే వాడికి జబ్బొచ్చిందనుకుని అన్నం మానేసింది. ఇంట్లో ఇంకా పిల్లలున్నారా, వాళ్లకేం చెప్పారు అని అడగడం కూడా డాక్టరు పనే అంటాను నేను. అది మా పని కాదనే డాక్టర్లుంటే కింద కామెంట్లలోకి రండి, మాట్లాడుకుందాం.