పుట్టు వెంట్రుకలకి 18 డాలర్లు

రాయగడ చెల్లెమ్మా, బాబుకి ఐదు నిండాక సింహాచలంలో పుట్టు వెంట్రుకలు తీయిస్తామని మొక్కుంది, ఇక్కడ హ్యూస్టన్ స్కూల్లో జుట్టు కాలర్ దాటకూడదంటున్నారు, లాయర్ని పెట్టుకోవాలా అని అడిగావు. ముందు ఆ మాట మానెయ్. వచ్చి మూడు నెలలైనా కాలేదు, ఇక్కడ లాయర్‌కి నమస్కారం పెట్టినా బిల్లు వస్తుంది.

మాది మీ పక్కనే, పర్లాకిమిడి. 2009లో మా పెద్దాడికి సరిగ్గా ఇదే నోటీసు వచ్చింది. వీసా పోతుందేమోనని మా ఆయన వణికిపోయారు (జుట్టుకీ హెచ్1కీ ఏం సంబంధమో నాకిప్పటికీ తెలీదు), నేనూ ఎవర్నీ అడగలేదు, ఆ శనివారమే సెలూన్‌కి తీసుకెళ్లి కత్తిరించేశాం. 15 డాలర్లు, పైన 3 టిప్పు! మా ఊళ్లో ఆ డబ్బుతో ఇంటిల్లిపాదికీ నెలల తరబడి క్షవరాలు అయిపోయేవి. వెంట్రుకలు జిప్‌లాక్ కవర్లో వేసి ఫ్రిజ్ మీద పెట్టాను. అత్తయ్యకి చెప్పగానే ఫోన్‌లోనే ఏడుపు, అప్పన్న దగ్గరికి వచ్చి తప్పు చెప్పుకోవాల్సిందేనని పట్టు. నలుగురి టికెట్లూ, బంధువులకి పెట్టుపోతలూ కలిపి 6,000 డాలర్ల పైనే, అదీ క్రెడిట్ కార్డు మీద. రెండేళ్లు వడ్డీ కట్టాం.

తీరా చూస్తే టెక్సాస్‌లో మతస్వేచ్ఛ చట్టం 1999 నుంచే ఉంది. హ్యూస్టన్ దగ్గర్లోనే నీడ్‌విల్‌లో ఒక నేటివ్ అమెరికన్ పిల్లాడి జుట్టు గొడవ కోర్టుకెళ్తే, 2010లో అప్పీలు కోర్టు ఆ చట్టం కిందే వాడి పక్షాన తీర్పిచ్చింది. ఒక్క ఏడాది ఆగి ఉంటే!

నువ్వు రాసిన క్రౌన్ యాక్ట్ అనే చట్టం వేరు. 2019లో కాలిఫోర్నియా మొదలుపెట్టింది, ఇక్కడ 2023 సెప్టెంబర్ నుంచి అమల్లో ఉంది. అది నల్లజాతి పిల్లల జడలు, లాక్స్ (పాయలుగా చుట్టుకున్న జుట్టు) లాంటివాటి మీద వివక్ష చూపకూడదని. జుట్టు పొడవు దాని కిందికి రాదని 2024లో ఇక్కడి జడ్జే స్కూలు వైపు తీర్పిచ్చాడు. అందుకని ప్రిన్సిపాల్ దగ్గర దాని పేరెత్తకు. మతపరమైన మొక్కు, ఫలానా నెలలో తీయిస్తాం అని ఒక పేజీ రాసివ్వు. మా చిన్నాడికి అలాగే చేశాను, కాగితం ఖర్చు తప్ప ఏమీ కాలేదు. మిగతా రూల్సు హ్యాండ్‌బుక్‌లో ఉంటాయి, చదువుకో.

టికెట్లు మాత్రం ఇప్పుడే చూడు, జూన్‌లో ధరలు మండిపోతాయి. విశాఖ దాకా కొనకు, హైదరాబాద్‌లో దిగి రైలెక్కండి, మీ అమ్మావాళ్లు రాయగడ నుంచి రైల్లోనే వచ్చేస్తారు.