సున్నపు నేలలో మిరపకు ఇనుము, జింకు అందాలంటే

గుంటూరు

చి॥ అబ్బాయికి ఆశీస్సులు.

పిడుగురాళ్ల దగ్గర కౌలుకు తీసుకున్న చేలో మిరప లేతాకులు పసుపెక్కాయని, ఈనెలు మాత్రం ఆకుపచ్చగానే ఉన్నాయని రాశావు. కొట్టువాడు యూరియా వేయమన్నాడట. వేయకు. నత్రజని చాలకపోతే ముందు పసుపెక్కేది ముదురాకులు. లేతాకులో ఈనెల మధ్య పసుపంటే అది ఇనుపధాతు లోపం.

అది నాపరాయి అరిగి తయారైన నేల. పిడికెడు మట్టి మీద నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం నాలుగు చుక్కలు వేసి చూడు. బుసబుసా పొంగితే సున్నం గట్టిగా ఉన్నట్టే. ఇనుము ఆ మట్టిలో లేక కాదు, కరగక అందడం లేదు. ఉదజని సూచిక (పీహెచ్, నేల ఆమ్లమో క్షారమో చెప్పే అంకె) ఒక్క అంకె పెరిగితే కరిగి ఉండే ఇనుము వెయ్యో వంతుకు, జింకు వందో వంతుకు పడిపోతాయి. నీ నేలలో ఆ సూచిక 8 దాటి ఉంటుంది.

గంధకం వేసి నేలనే మార్చేద్దామని ఎవరైనా అంటే ఈ లెక్క చెప్పు. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 900 టన్నులు. అందులో సున్నం 5 శాతమే అనుకున్నా 45 టన్నులు. కిలో గంధకం ఆమ్లంగా మారి విరిచేది మూడు కిలోల సున్నాన్నే. ఎకరానికి పదిహేను టన్నుల గంధకం ఎక్కణ్ణుంచి తెస్తాం? జిప్సం చౌడుకు మందు, సున్నానికి కాదు. నేల సంగతి వదిలెయ్, పైరుకు అందే దారి చూడు.

ముందు నీరు. మడిలో నీరు నిలిచి వేళ్లకు గాలి ఆడకపోతే సున్నపు నేలలో బైకార్బొనేట్లు పెరిగి, ఉన్న ఇనుమూ అందకుండా పోతుంది. తడి మీద తడి పెట్టకు. వాన నీరు తీసేసి, పదును రాగానే గుంటక తోలు. కొన్నిసార్లు దీంతోనే చిగురు తేరుకుంటుంది.

తేరుకోకపోతే పిచికారీ చెయ్యి. వంద లీటర్ల నీటికి అన్నభేది (ఫెర్రస్ సల్ఫేటు) అర కిలో, నిమ్మ ఉప్పు (సిట్రిక్ ఆమ్లం) వంద గ్రాములు. ముందు నిమ్మ ఉప్పు కరిగించాలి, ఆ తర్వాతే అన్నభేది. బోరు నీటిలో అన్నభేది ఒక్కటే వేస్తే కాసేపటికే తుప్పు రంగు తిరుగుతుంది, ఇక అది ఆకుకు పనికిరాదు. కొనేటప్పుడు పలుకులు లేత ఆకుపచ్చగా ఉన్నాయో లేదో చూసుకో, గోధుమరంగు పొడి పట్టినవి వద్దు. సాయంత్రం పూట, అప్పటికప్పుడు కలిపి, ఆకు బాగా తడిసేలా కొట్టు. పురుగుమందుతో కలపకు, మోతాదు పెంచితే ఆకు మాడుతుంది. ఇనుము ఒక ఆకు నుంచి ఇంకో ఆకుకు పెద్దగా కదలదు, అందుకే కొత్త చిగురు మళ్లీ పసుపుగా వస్తుంది. వారం పది రోజులకొకసారి రెండు మూడు సార్లు కొట్టాల్సిందే.

అన్నభేదిని ఈ నేలలో చల్లడం మాత్రం డబ్బు దండగ. డ్రిప్పులో ఇవ్వాలంటే ఈడీడీహెచ్‌ఏ చీలేటు (ఇనుమును పట్టి ఉంచి కరిగే రూపంలో నిలిపే మందు) ఒక్కటే నిలుస్తుంది. చవగ్గా వస్తుందని ఈడీటీఏ ఇనుము తెచ్చావా, సున్నం దాన్ని విడగొట్టేస్తుంది. అది పిచికారీకైతే పరవాలేదు.

జింకు విషయం వేరు, దాన్ని నేలలోనే వేయొచ్చు. మట్టి పరీక్షలో జింకు 0.6 పీపీఎం (పది లక్షల్లో 0.6 వంతు) కంటే తక్కువ వస్తే, ఆఖరి దుక్కిలో ఎకరాకు 20 కిలోల జింకు సల్ఫేటు బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి చల్లు. రెండు మూడు పంటలకు సరిపోతుంది. డీఏపీతోగానీ సూపర్ ఫాస్ఫేటుతోగానీ కలిపి వేయకు, భాస్వరం జింకును పట్టేస్తుంది. పైరు మీదైతే లీటరుకు 2 గ్రాములు.

బోరాన్ పరీక్ష చూడకుండా వేయొద్దు, చాలడానికీ విషమవడానికీ మధ్య తేడా చాలా తక్కువ. మాలిబ్డినం ఇలాంటి నేలల్లో తేలిగ్గానే అందుతుంది, దానికోసం ఖరీదైన మిశ్రమాలు కొనకు.

మట్టి నమూనా వేసవిలో, చేను ఖాళీ అయ్యాక తీయి. ఎకరంలో ఎనిమిది పది చోట్ల 'వి' ఆకారంలో జానెడు లోతు గుంట తవ్వి, పక్క నుంచి చెక్కు. తుప్పు పట్టిన పార, జింకు పూత బకెట్, ఎరువుల సంచి, ఏవీ ఆ మట్టికి తగలకూడదు. తగిలితే లేని జింకు కూడా ఉన్నట్టు వస్తుంది. కర్రతోనో ప్లాస్టిక్ తాపీతోనో పని కానిచ్చి, నీడలో ఆరబెట్టి అర కిలో గుడ్డసంచిలో పంపు.

ఈసారి కొట్టేటప్పుడు నాలుగు సాళ్లు వదిలెయ్. పది రోజులకు రెండు వైపులా చిగురు పక్కపక్కన పెట్టి చూసి, తేడా నాకు రాయి.

మీ బాబాయి