పాఠకుల ప్రశ్నలు: వారెన్ స్పెక్టర్, ఆటగాడు వెతుక్కునే దారి

ప్రశ్న: మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. వీడియో గేములు ఆడడంతో సరిపెట్టుకోక, వాటిని తయారుచేసే వృత్తిలోకి వెళ్తానంటున్నాడు. మాటకు ముందు వారెన్ స్పెక్టర్ అనే అమెరికన్ గేమ్ డిజైనర్ పేరు చెబుతాడు, ఆటగాడికి ఎంపిక ఇచ్చింది ఆయనేనంటాడు. ఏ ఆటలోనైనా ఎత్తు వేసేది ఆడేవాడే కదా, ఇందులో ఈయన గొప్పతనమేమిటి?
– ఒక తల్లి, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీరు చివర అడిగినదానితోనే మొదలుపెడతాను, ఎందుకంటే స్పెక్టర్ వృత్తి జీవితమంతా దాని చుట్టూనే తిరిగింది. మన అరుగులమీద సుద్దముక్కతో గీసుకుని ఆడే పులిజూదంలో ఎత్తు నిజంగా ఆడేవాడిదే; మేకను ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పరు. కాని కథతో నడిచే కంప్యూటర్ ఆటలు చాలావాటిలో ఆ స్వేచ్ఛ ఉండేది కాదు. తలుపుకు తాళం ఉంటే, ఆటను తయారుచేసినవాళ్లు దాని తాళంచెవిని ఒకే ఒక్కచోట దాచేవారు, అది దొరికేదాకా ఆటగాడు అక్కడక్కడే తిరగవలసి వచ్చేది. పొడుపుకథకు విడుపు ఒక్కటే ఉన్నట్లు, ఆ తలుపుకు దారీ ఒక్కటే. మహేంద్రతనయ పొంగినప్పుడు అవతలి గట్టుకు చేరడం వేరు: ఒకరు వంతెన దాకా చుట్టు తిరిగి వెళ్తారు, మరొకరు నీరు తీసేదాకా గట్టునే కూర్చుంటారు, ఇంకొకరు అవతల ఉన్న చుట్టానికి ఫోన్ చేసి పని ఆయనచేతనే చేయిస్తారు. ఆటలో ఆటగాడికి పొడుపుకథ వేయకూడదని, ఏరు దాటడంలాంటి చిక్కును ముందుంచి దారి అతనికే వదిలిపెట్టాలని స్పెక్టర్ గట్టిగా నమ్మారు.

ఆ నమ్మకం ఆయనకు కంప్యూటర్ నుంచి రాలేదు. 1955లో న్యూయార్క్‌లో పుట్టిన స్పెక్టర్, ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో రేడియో, టెలివిజన్, సినిమా శాఖలో ఎం.ఎ. చేశారు; అందుకోసం రాసిన సిద్ధాంత వ్యాసం వార్నర్ బ్రదర్స్ కార్టూన్ల మీద. 1983లో స్టీవ్ జాక్సన్ గేమ్స్ అనే చిన్న సంస్థలో చేరారు. అది కాగితం, పెన్సిలు, పాచికలతో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ ఆటలను ప్రచురించే సంస్థ. అలాంటి ఆటల్లో కథ నడిపే వ్యక్తి ఒకరుంటారు, మిగిలినవాళ్లు తమ పాత్ర ఏమి చేస్తుందో నోటితో చెబుతారు. ఎవరూ ఊహించని పని ఒకరు చేస్తానన్నప్పుడు, అది పుస్తకంలో లేదని కథ నడిపేవాడు తప్పించుకోలేడు; అప్పటికప్పుడు ఆలోచించి ఫలితం చెప్పాలి. 1987లో అలాంటి ఆటలనే ప్రచురించే టీఎస్ఆర్ సంస్థకు, 1989లో కంప్యూటర్ గేములు తయారుచేసే ఆరిజిన్ సిస్టమ్స్‌కు మారారు. కంప్యూటర్ గేముల్లోకి వచ్చేనాటికి ఆయనకు 33 ఏళ్లు నిండాయి. మీ అబ్బాయికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పండి.

ఆరిజిన్‌లో, అల్టిమా ఆటల సృష్టికర్త రిచర్డ్ గారియట్‌తో కలిసి నిర్మించిన అల్టిమా 6 అనే ఆట 1990లో వెలువడింది. ఆ ఆటను పరీక్షిస్తున్న రోజుల్లో జరిగిన ఒక సంగతిని స్పెక్టర్ తరువాత చెప్పుకున్నారు. ఒకచోట ఇనుప కటకటాల ద్వారం ఉంది, దాన్ని పైకి లేపే మీట అవతలివైపున ఉంది. దూరంగా ఉన్న వస్తువును కదిలించే మంత్రం వేసి ఆ మీటను తిప్పాలన్నది తయారుచేసినవాళ్ల ఉద్దేశం. పరీక్షిస్తున్న వ్యక్తి దగ్గర ఆ మంత్రం లేదు, కాని ఆటలో అతని వెంట నడిచే పాత్రల్లో షెర్రీ అనే ఎలుక ఉంది. అతడు ఆ ఎలుకను కటకటాల సందులోంచి అవతలికి పంపి మీట తిప్పించాడు. ఈ దారిని ఎవరూ ముందుగా రాయలేదు. ఎలుక చిన్నదన్న సంగతి, సందులోంచి చిన్నవి దూరగలవన్న సంగతి ఆటలో ఉన్నాయి కాబట్టి దారి దానంతటదే పుట్టింది. స్పెక్టర్ తరువాత చేసినదంతా ఆ ఎలుక వెంట నడిచిన నడకేనని నాకనిపిస్తుంది.

లుకింగ్ గ్లాస్ అనే గేమ్ సంస్థ బృందంతో కలిసి 1992లో అల్టిమా అండర్‌వరల్డ్, 1994లో సిస్టమ్ షాక్ తెచ్చారు. 1997లో అయాన్ స్టార్మ్ సంస్థకు ఆస్టిన్ శాఖ ప్రారంభించి, హార్వే స్మిత్ ప్రధాన డిజైనర్‌గా డ్యూస్ ఎక్స్ నిర్మించారు. 2000 జూన్‌లో వచ్చిన ఆ ఆట వల్లనే ఆయన పేరు నిలిచింది. కథ 2052లో జరుగుతుంది. మొదటి ఘట్టం తల తెగిపడిన స్వేచ్ఛా విగ్రహం ఉన్న దీవిలో: ఎదురుగా కాల్చుకుంటూ వెళ్లవచ్చు, చీకట్లో నక్కి వెనకవైపు పెట్టెలెక్కి చేరవచ్చు, పైన ఉన్న తిరుగుబాటు నాయకుడిని చంపవచ్చు, లేదా అతడు చెప్పేది ఆగి వినవచ్చు. గోడకు అతుక్కునే బాంబులను మెట్లలా అమర్చుకుని ఎత్తైన గోడలెక్కే ఉపాయాన్ని ఆటగాళ్లే కనిపెట్టారు. అది తయారుచేసినవాళ్లకే తట్టలేదు.

ప్రశ్న: నేను సొంతంగా ఒక గేము రాస్తున్నాను. దానికి నాలుగు ముగింపులు పెట్టాను. ఆటగాడికి ఎంపిక ఇచ్చినట్లే కదా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, రాయగడ

జవాబు: ముగింపులు ఎన్ని ఉన్నా, అవి చివరి గడపలో మాత్రమే తెరుచుకునే తలుపులైతే అంతకుముందు గడిచిన గంటలకు విలువ తక్కువ. డ్యూస్ ఎక్స్‌కూ మూడు ముగింపులున్నాయి, అవి చివరి ఘట్టంలో చేసే పనినిబట్టే వస్తాయి. నా దృష్టిలో ఆ ఆటలో బలహీనమైన ఎంపిక అదే. నడిమధ్యన విమానంలో జరిగే ఘట్టం చూడండి. లొంగిపోయి, ఆయుధం లేకుండా నిలబడ్డ లెబెదెవ్ అనే వ్యక్తిని చంపమని పక్కనున్న సహోద్యోగి అన్నా నవార్ ఆజ్ఞాపిస్తుంది. ఆజ్ఞ పాటించవచ్చు. పాటించకుండా తాత్సారం చేయవచ్చు, అప్పుడు ఆమే చంపుతుంది. తుపాకీని ఆమెవైపే తిప్పవచ్చు. తెరమీద ఒకటి, రెండు, మూడు అని జాబితా కనిపించదు. అంతదాకా తలుపులు తెరిచిన చేతులతోనే ఆ పనీ చేయాలి. తరువాత కలిసే పాత్రలు మీరు చేసినదాని గురించి మాట్లాడతాయి. చిన్న పనులకూ ఇదే పద్ధతి: కార్యాలయంలో ఆడవాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్తే ఆ సంగతి పై అధికారి చెవిన పడి, ఆయన మందలిస్తాడు. చేసిన పనిని లోకం గుర్తుపెట్టుకుంటుందన్న నమ్మకం అక్కడ కుదురుతుంది. మీ నాలుగు ముగింపులనూ కాసేపు పక్కనపెట్టి, మొదటి పది నిమిషాల్లో ఆటగాడు చేసిన ఏదో ఒక్క పనిని మీ గేములో ఎవరైనా తలుచుకుంటారేమో చూడండి.

ప్రశ్న: డ్యూస్ ఎక్స్‌ను 12 ఏళ్ల పిల్లలతో ఆడించవచ్చా?
– ఒక పాఠకుడు, బరంపురం

జవాబు: వద్దండీ. 17 ఏళ్లు నిండినవారికని అమెరికాలో దానిని వర్గీకరించారు. చాలావరకు ఎవరినీ చంపకుండా ముందుకు వెళ్లవచ్చన్నది నిజమే అయినా, హింస ఆ లోకంలో నిత్యం కనిపిస్తుంది.

ప్రశ్న: ఈ వృత్తిలో నిలకడ ఉంటుందా? పిల్లవాడు ఇప్పటినుంచి ఏమి నేర్చుకోవాలి?
– ఇదీ పర్లాకిమిడి తల్లిగారి ఉత్తరంలోనిదే

జవాబు: నిలకడ గురించి మీకు ధైర్యం చెప్పడానికని నిజం దాచలేను. స్పెక్టర్ 2005లో జంక్షన్ పాయింట్ అనే సంస్థను స్థాపించారు, 2007లో దానిని డిస్నీ కొన్నది, 2010లో ఎపిక్ మిక్కీ వచ్చింది. 2012లో ప్రపంచంలోని గేమ్ తయారీదారుల సమావేశంలో ఆయనకు జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు. ఏడాది తిరగకముందే, 2013 జనవరిలో, జంక్షన్ పాయింట్ మూతపడింది. ఆయన తాను చదివిన విశ్వవిద్యాలయంలోనే గేమ్ శిక్షణ కార్యక్రమాన్ని నడిపి, 2016లో అదర్‌సైడ్ ఎంటర్‌టైన్‌మెంట్‌లో చేరి మళ్లీ తయారీకి వచ్చారు. కాబట్టి అబ్బాయి ముందు ఒక డిగ్రీ పూర్తి చేయాలి. ఆపైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో డిజిటల్ గేమ్ డిజైన్‌లో ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ) చదువుకు ప్రవేశపరీక్ష రాయవచ్చు. ఈలోగా సాధన చేయడానికి, గేములు తయారుచేసే గోడో ఇంజిన్, ఎంపికలతో సాగే కథలు అల్లే ట్వైన్ అనే సాఫ్ట్‌వేర్‌లు రెండూ ఉచితంగా దొరుకుతాయి. ట్వైన్‌లో కథను తెలుగులోనే రాసుకోవచ్చు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడే మన సరిహద్దు పిల్లలు ఒకే కథను రెండు భాషల్లోనూ ఆడించి చూడగలరు, ఇది అందరికీ దొరికే సౌకర్యం కాదు.

అన్నిటికన్నా ముందు కాగితంమీద ఒక ఆట తయారుచేయించండి. నిరుడు సెలవుల్లో గుణుపురంలో మా బంధువుల వీధరుగుమీద పిల్లలకోసం నేనొక ఆట గీశాను: తుపాను వస్తోంది, వీధిలో నీరు నిండింది, ఇంట్లోవాళ్లందరూ ఎదుటి డాబామీదికి చేరాలి. మూడు దారులు అనుకుని పెట్టాను. బొమ్మ నిండుగా ఉండాలని ఇంట్లో ఒక నులక మంచం గీశాను. తొమ్మిదేళ్ల పాప కాసేపు చూసి, ఆ నులక విప్పి తాడులా కట్టుకోవచ్చా అని అడిగింది. నేను ఒప్పుకోక తప్పలేదు. తాడు ఎంత పొడుగు వస్తుందని ఆమె వెంటనే అడిగింది, దానికి నా దగ్గర జవాబు లేదు. లేచి వెళ్లి, పెరట్లో ఉన్న నిజం మంచాన్నే తిరగేసి, నులక వరసలు ఇద్దరం కలిసి లెక్కపెట్టాం. మీ అబ్బాయి తన ఆటను పక్కింటి పిల్లలతో ఆడిస్తున్నప్పుడు ఒక్క మాటా సాయం చెప్పకుండా కూర్చుని, వాళ్లు అడిగిన ఇలాంటి ప్రశ్నలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.